వాలు

మిర్యాలగూడ, బంగారుగడ్డ.
ఆటో పట్టని సందు, రెండో అంతస్తు.
లోపలి డబ్బా సైదులు నెత్తిన ఎక్కిపోయింది.
బయటిది మాత్రం మెట్ల మలుపు కాడ
మొండి ఎద్దోలె మొరాయించింది.
పిట్టగోడ అంచుకు గోనెసంచి పరిచి,
మోకు కట్టి,
"ఆగు... ఆగు... ఇగ గుంజు" అనుకుంట
ఆ ఇనుప బరువును ఎండలోకి లాగినం.

కృపాదానం సారు అడిగిండు:
చలికాలం వెచ్చగ గూడ ఇస్తదా?
ఇస్తది సార్.
మరి ఎండకాలం ఈ చల్లదనం యాడికెల్లి తెస్తది?

యాడికెల్లీ తేదు సార్.
గదిల ఉన్న వేడిని ఎత్తుకపోయి బయట పారబోస్తది.
చలికాలం అదే పని ఎనకకు తిప్పి జేస్తది.
అంతే.

"బయట" అన్న మాట
కింద ఇస్త్రీ రేకుల దాక ఇనబడ్డది.
మట్టమ్మ తలెత్తి చూసింది.
సరిగ్గ ఆమె నెత్తి మీదనే
స్టాండు కోసం గోడకు నాలుగు పెన్సిల్ గుర్తులు పెట్టి ఉన్నం.

"ఓ పిల్లగా,
పొద్దంత నిప్పుల పెట్టె నా చేతులనే ఉంటది.
మీ సారు ఉడుకు గూడ నేనే మొయ్యాల్నా?"

నేను ఇనబడనట్టు డ్రిల్లు ఆన్ చేసిన.
పన్నెండేండ్ల సంది ఇదే పని,
ఎన్ని గోడలకు తూట్లు పొడిచిన్నో లెక్క లేదు.
ఎర్రటి పొడి రాలింది, ఇటుక ముక్క అవుతల పడ్డది,
రూపాయి బిళ్లంత ఎలుగు లోపలికొచ్చింది.
పైపు దూర్చే ముందు, ఎందుకో, కన్ను పెట్టి చూసిన.
మూటలు. మూటల మీద సుద్దతోని ఇంటి నంబర్లు.
బల్ల కింద మడత దుప్పట్ల నడుమ
నోరు తెరుసుకొని నిద్రపోతున్న మనుమరాలు.

డాబా మీద పెడితే ఎంతైతది? సారు మెల్లగ అడిగిండు.
ఇంకో పన్నెండు అడుగుల రాగి పైపు సార్, చుట్టు తొడుగు, క్లాంపులు...
సారు ఏండ్ల మీద లెక్క పెడుతుండు.
బియ్యం చెరుగుతున్న మేడమ్ తల ఎత్తకుంటనే అన్నది:
"రేపు పొద్దుగాల ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కొని
ఏ మొఖంతోని ఆమె ముంగట నడుస్తవు?"

డాబా కాలుతున్నది.
రైసుమిల్లు బూడిద పిట్టగోడ నిండ నల్లగ,
ఏలు పెడితే అంటుతున్నది.
నెలకోసారి నీళ్లతోని కడగాలె సార్, లేకుంటే రెక్కలు పూడుకపోతయి.
నట్లు బిగించి వాక్యూమ్ పంపు పెట్టినం.
ముల్లు సున్న కిందికి దిగేదాక
నీళ్ల ట్యాంకు నీడల నేనూ సైదులూ
ఒక్క బీడీ.

ఇగ మిగిలింది నీళ్ల పైపు.
దానికి వాలు కావాలె.
ఏలెడు వాలిస్తే సప్పుడు చెయ్యకుంట పోతది,
ఇయ్యకుంటే ఎనక్కి తిరిగి లోపలి గోడకే కారుతది.
మోరిల వదులుండ్రి, అన్నడు సారు.
"ఆ నీళ్లు ఉప్పుంటయా?" కిందికెల్లి మట్టమ్మ.
ఉండదమ్మా, గాలిల తడే కదా.
"బోరు నీళ్లు సల్లితే
నల్ల ప్యాంట్ల మీద తెల్ల మచ్చలు పడ్తున్నయి కొడుకా."

మూల తిప్పి, పైపు ఆమె రేకు పక్కకు దించినం.

నాలుగింటికి స్విచ్చు వేసినం.
లోపల సారు రెండు చేతులు చాపి నిలబడ్డడు
ఫోటో దిగుతున్నట్టు.
కింద పెయింటు బకెట్టు పెట్టుకొని మట్టమ్మ.
శానసేపు ఏం లేదు.
"వాలు సరిగ్గనే ఇచ్చినవా?" సైదులు నా దిక్కు చూసిండు.
తర్వాత
ఒక్క సుక్క, డబ్బా అడుగున టప్పుమన్నది.
ఇంకోటి.
ఆమె ఏళ్లు తడుపుకొని ఒక నల్ల ప్యాంటు మీద చిలకరించి
పెట్టె నడిపింది. చుయ్యిమన్నది.
వెలుతురుకు ఎత్తి పట్టి
ముందు ఎనక తిప్పి చూసింది. ఏం అనలే.
మడత పెట్టింది.

సామాను సర్దుకొని సందు దాటుతుంటే
గోడ మీద ఆ నాలుగు పెన్సిల్ గుర్తులు కనబడ్డయి.
చెరపనీకి మళ్ల నిచ్చెన వెయ్యాలె.
ఉండనియ్, అన్నడు సైదులు.